పన్నెండవ చిత్రంలో నిలబడ్డ గుర్రం

ఒక అట్టమీద పన్నెండు చిన్న చిత్రాలు, వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు. వెనక తెల్లని గోడ, దానిమీద సమదూరంలో నిలువు గీతలు, గీతలకు అంకెలు. ముందు నల్లని నీడలాంటి ఒక ఆడగుర్రం, దాని వీపుమీద రౌతు. మొదటి పదకొండు చిత్రాలలోనూ గుర్రం దౌడు తీస్తూ ఉంది. పన్నెండవ చిత్రంలో మాత్రం నాలుగు కాళ్ళూ నేలకు ఆనించి నిశ్చలంగా నిలబడి ఉంది.

అట్టమీద అచ్చయిన వివరాల ప్రకారం ఆ గుర్రం పేరు శాలీ గార్డ్‌నర్. యజమాని లీలండ్ స్టాన్‌ఫర్డ్. స్థలం కాలిఫోర్నియాలో పాలో ఆల్టో పరుగుబాట. తేదీ 1878 జూన్ 19. వేగం మైలుకు ఒక నిమిషం నలభై సెకన్లు. చిత్రానికీ చిత్రానికీ మధ్య దూరం 27 అంగుళాలు, వ్యవధి సెకనులో సుమారు ఇరవై అయిదవ వంతు. చిత్రాలు తీసినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్.

సినిమా పుట్టుక గురించి రాసేవారు చాలామంది ఈ అట్ట దగ్గర కాసేపు ఆగుతారు. ఆగినప్పుడు ఒక కథ కూడా చెబుతారు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాలిలోకి లేస్తాయా లేదా అని స్టాన్‌ఫర్డ్ ఎవరితోనో పాతికవేల డాలర్ల పందెం కాశాడని, కెమెరా ఆ పందెం గెలిపించిందని ఆ కథ. వినడానికి బాగుంటుంది. కానీ అటువంటి పందెం జరిగిందనడానికి ఆ కాలపు ఆధారమేదీ చరిత్రకారులకు దొరకలేదు. పైగా ఈ కథ అసలు ప్రశ్నను మరుగుపరుస్తుంది. ఈ అట్ట వెలువడటానికి పది నెలల ముందు ఇదే ఫోటోగ్రాఫర్ ఇదే యజమాని కోసం ఇదే విషయాన్ని చూపే ఒక చిత్రాన్ని పత్రికలకు పంపాడు. దాన్ని అందరూ నమ్మలేదు. 1878లో నమ్మారు. ఈ పది నెలల్లో గుర్రాల నడక మారలేదు. మారినదల్లా సాక్ష్యం కూర్చిన పద్ధతి. ఆ మార్పు ఎలా జరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెవికి అందినది, కంటికి అందనిది

గుర్రపు నడకల్లో తేడాలను మనిషి ఏనాడో గుర్తించాడు. అమరకోశం ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అశ్వగతులను ఐదు ధారలుగా పేర్కొంటుంది. మన ఛందశ్శాస్త్రంలో హయప్రచార రగడ, తురగవల్గన రగడ అని రెండు రగడలున్నాయి. రెండింటిదీ మూడేసి మాత్రల నడక. వల్గితం అనే ధార పేరూ వల్గన అనే రగడ పేరూ ఒకే ధాతువునుంచి వచ్చినవి. దీనినుంచి పెద్ద సిద్ధాంతం లాగనక్కరలేదు కానీ, గుర్రపు నడక మన పూర్వులకు లయగా, అంటే చెవి ద్వారా, బాగా పరిచయమని మాత్రం చెప్పుకోవచ్చు. గిట్టల చప్పుడును లెక్కపెట్టవచ్చు. ట్రాట్ అనే నడకలో ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడతాయి గనక రెండు దెబ్బలు వినిపిస్తాయి. కాంటర్‌లో మూడు. పూర్తి దౌడులో నాలుగు. కళ్ళు మూసుకున్నవాడు కూడా ఈ తేడా చెప్పగలడు.

దెబ్బకూ దెబ్బకూ మధ్య కాళ్ళు ఏ భంగిమలో ఉంటాయన్నది వేరే ప్రశ్న. దానికి చెవి జవాబు చెప్పలేదు. కంటికేమో అంత వ్యవధి చాలదు.

ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎటియెన్ జూల్స్ మారే ఈ చెవి జ్ఞానాన్నే కాగితంమీద పెట్టాడు. గుర్రపు గిట్టల కింద గాలితో నిండిన రబ్బరు తిత్తులు అమర్చి, వాటినుంచి గొట్టాలు రౌతు చేతిలోని పరికరం దాకా తెచ్చాడు. గిట్ట నేలను నొక్కినప్పుడల్లా అక్కడ తిరుగుతున్న కాగితంమీద ఒక గీత పడేది. వాటి ఆధారంగా ఆయన గీసిన పటాలు చూడటానికి సంగీత స్వరలిపిలా ఉంటాయి. 1873లో వెలువడిన ఆయన గ్రంథం ట్రాట్‌లోనూ దౌడులోనూ ఏ గిట్టా నేలను తాకని క్షణాలున్నాయని చూపింది. ఆ క్షణంలో గుర్రం ఆకారం ఎలా ఉంటుందో మాత్రం ఆ గీతలు చెప్పలేవు.

ఆ ఖాళీని చిత్రకారులు పూరించారు. ముందుకాళ్ళు ముందుకు, వెనకకాళ్ళు వెనక్కు బారజాపి, కడుపు నేలకు దగ్గరగా, గుర్రం ఎగిరిపోతున్నట్టు గీశారు. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న జెరికో 1821 నాటి ఎప్సమ్ పందెం చిత్రంలో గుర్రాలన్నీ ఇలాగే ఉంటాయి. మొగలు సూక్ష్మచిత్రాల్లో, చైనా చిత్రాల్లో కూడా ఈ భంగిమ కనిపిస్తుంది. సాలొమన్ రైనాక్ అనే ఫ్రెంచి పండితుడు 1900, 1901 సంవత్సరాల్లో దీని చరిత్రమీద ఒక సుదీర్ఘ అధ్యయనమే ప్రచురించాడు. అన్ని దేశాల చిత్రకారులూ గుర్రం గాలిలోకి లేస్తుందనే భావించారు. ఆ ఊహ తప్పు కాదు. అది ఎప్పుడు లేస్తుందన్నదే తప్పు. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు గాలిలో ఉంటుంది. కాళ్ళు బారజాపి ఉన్న వేళ కనీసం ఒక గిట్ట నేలమీద బరువు మోస్తూనే ఉంటుంది.

దుప్పట్ల తెర

స్టాన్‌ఫర్డ్ కాలిఫోర్నియా మాజీ గవర్నరు, సెంట్రల్ పసిఫిక్ రైల్వే అధ్యక్షుడు. 1869 మే 10న యూటా ప్రాంతంలోని ప్రొమంటరీలో ఖండాంతర రైలుమార్గపు చివరి బంగారు మేకును కొట్టినవాడు. ఆయనకు ట్రాట్ పందేల గుర్రాలంటే వ్యామోహం. అడుగు పడే తీరు కచ్చితంగా తెలిస్తే శిక్షణను శాస్త్రీయంగా తీర్చిదిద్దవచ్చని ఆయన నమ్మకం. 1872లో తన గుర్రం ఆక్సిడెంట్‌ను పరుగులో చిత్రించమని మైబ్రిడ్జ్‌ను అడిగాడు.

మైబ్రిడ్జ్ 1830లో లండన్ దగ్గరి కింగ్‌స్టన్‌లో పుట్టాడు. అప్పటి ఇంటిపేరు మగ్గరిడ్జ్. అమెరికా వచ్చి శాన్ ఫ్రాన్సిస్కోలో పుస్తకాలు అమ్మాడు. 1860లో గుర్రపుబండి ప్రమాదంలో తలకు తీవ్రంగా దెబ్బ తగిలి స్వదేశానికి వెళ్ళి, 1867లో ఫోటోగ్రాఫరుగా తిరిగివచ్చాడు. యోసెమిటీ లోయ కొండలూ జలపాతాలూ అతనికి పేరు తెచ్చాయి. ఆ చిత్రాల్లో కొండలు కొండల్లాగే ఉంటాయి, జలపాతాలు మాత్రం తెల్లని పొగలా ఉంటాయి. కారణం ఆనాటి తడి కొలోడియన్ పద్ధతి. గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, వెలుతురు సోకనిచ్చి, వెంటనే కడగాలి. వెలుతురు సోకడానికే సెకన్లు పట్టేది. అందువల్ల అప్పట్లో గుర్రం ఫోటో అంటే నిలబడ్డ గుర్రం ఫోటోనే. కాపరి కళ్ళెం పట్టుకుంటే గుర్రం పక్కకు తిరిగి నిలబడాలి. చెవి ఆడించినా తోక విసిరినా అక్కడ మసక మచ్చ మిగిలేది. అటువంటి రోజుల్లో పరుగెత్తే గుర్రాన్ని తీయమని అడగడం జలపాతంలో చుక్కలు లెక్కపెట్టమని అడగడం వంటిదే.

శాక్రమెంటోలో జరిగిన ఆ తొలి ప్రయత్నాల గురించి 1873 ఏప్రిల్‌లో ఒక శాన్ ఫ్రాన్సిస్కో పత్రిక రాసింది. వెనక తెల్లని తెర కోసం గుర్రపుశాల చుట్టుపక్కల ఇళ్ళలోని దుప్పట్లన్నీ పోగుచేసి కట్టారట. ఆ తెల్లదనాన్ని చూసి బెదరకుండా గుర్రానికి అలవాటు చేయడానికే కొంత సమయం పట్టిందట. చివరకు దక్కింది ఒక మసక నీడ. ఆనాటి చిత్రాలేవీ మిగలలేదు.

తరువాత పని ఆగిపోయింది. 1874 అక్టోబరులో మైబ్రిడ్జ్ తన భార్యకు ప్రియుడైన హ్యారీ లార్కిన్స్‌ను కాల్చి చంపాడు. 1875 ఫిబ్రవరిలో జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. అతడు మధ్య అమెరికాకు వెళ్ళి కొంతకాలం అక్కడ చిత్రాలు తీసి తిరిగివచ్చాడు.

1877 వేసవిలో మళ్ళీ ఆక్సిడెంట్‌ను చిత్రించాడు. సెకనులో వెయ్యవ వంతుకన్నా తక్కువ వ్యవధిలో తీసినదంటూ ఒక చిత్రాన్ని పత్రికలకు పంపాడు. పేరున్న ఫోటోగ్రాఫర్లందరూ చేసినట్టే దీన్నీ చేతితో దిద్దామని కూడా చెప్పాడు. అనుమానాలు వెంటనే పుట్టాయి. అంత వేగంలో ఉన్న గుర్రమూ బండీ తోలేవాడి ముఖమూ అంత స్పష్టంగా ఎలా వస్తాయి? అనుమానించినవారు పొరబడలేదు. ఒక చిత్రకారుడు ఫోటో చూసి రంగులతో బొమ్మ వేయగా, తోలేవాడి ముఖం మాత్రం ఫోటోనుంచి కత్తిరించి అతికించి, ఆ మొత్తాన్ని మళ్ళీ ఫోటో తీశారు. ఆ బొమ్మ స్టాన్‌ఫర్డ్ సంగ్రహంలో మిగిలి ఉండటంతో ఈ సంగతి తరువాతి పరిశోధకులకు తెలిసింది. చిత్రంలోని విషయం నిజమే, దాన్ని చూపిన తీరు నమ్మదగినదిగా లేదు. నిజానికి కూడా సరైన సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ అరుదు.

తెగిన జీనుపట్టీ

మరుసటి ఏడాది ఏర్పాటు వేరు. స్టాన్‌ఫర్డ్ 1876లో కొన్న పాలో ఆల్టో క్షేత్రంలో పరుగుబాటకు ఒక పక్క పొడవైన షెడ్డు కట్టి పన్నెండు కెమెరాలను వరుసగా నిలిపారు. కటకాలు లండన్‌లో డాల్మేయర్ సంస్థ చేసినవి. ప్రతి కెమెరా ముందూ రెండు పలకల షట్టరు; విద్యుత్తు తగలగానే పలకలు ఒకదాన్నొకటి దాటిపోతూ లిప్తపాటు వెలుగును లోపలికి వదులుతాయి. ఈ విద్యుత్ అమరికలో రైల్వే ఇంజనీరు జాన్ ఐజాక్స్ సాయం చేశాడు. ఎదుటి పక్క ఏటవాలుగా తెల్లని గోడ కట్టి, బాటమీద కూడా తెల్లని పొడి చల్లారు. కాలిఫోర్నియా జూన్ ఎండ ఆ తెలుపుమీద పడి కెమెరాలోకి తిరిగి వచ్చేది. అంత తక్కువ వ్యవధిలో గుర్రం వంటి రంగు పలకమీద నమోదు కాదు గనక, తెల్లని గోడముందు అది నల్లని ఆకారంగా మిగిలేది. ఆ చిత్రాలు నీడబొమ్మల్లా ఉండటానికి కారణం ఇదే.

1878 జూన్ 15న పత్రికలవారినీ గుర్రాల గురించి తెలిసినవారినీ పిలిచి వారి ఎదుట ప్రదర్శన జరిపారు. మొదట ఏబ్ ఎడ్జింగ్‌టన్ అనే గుర్రం రెండు చక్రాల తేలికబండిని లాగుతూ ట్రాట్‌లో వచ్చింది. బాటకు అడ్డంగా 21 అంగుళాలకొకటి చొప్పున తీగలు పరిచారు. బండిచక్రం ఒక్కో తీగమీదుగా దొర్లినప్పుడు ఒక్కో షట్టరు తెరుచుకుంది. పన్నెండు చిత్రాలూ సుమారు అర సెకనులో ముగిశాయి. పలకలను అక్కడికక్కడే కడిగి చూపించారు.

తరువాత శాలీ గార్డ్‌నర్ వంతు. దీని వెనక బండి లేదు గనక బాటకు అడ్డంగా గుర్రపు రొమ్ము ఎత్తులో దారాలు కట్టారు. దారం తెగినప్పుడల్లా షట్టరు పడుతుంది. రొమ్ముకు దారాలు తగలగానే ఆ గుర్రం బెదిరి ఎగిరింది. ఆ అదురుకు జీనుపట్టీ తెగింది. కడిగిన పలకమీద, ఎవరూ ఊహించని ఆ తెగిన పట్టీ కూడా కనిపించింది.

అక్కడ ఉన్నవారిని పూర్తిగా ఒప్పించినది ఈ చిన్న ప్రమాదమే. కాళ్ళ భంగిమ ముందే తెలిసిన విషయం, కావాలనుకుంటే ఎవరైనా గీయవచ్చు. ఆ రోజు పట్టీ తెగుతుందని మాత్రం ఎవరికీ ముందుగా తెలియదు. కుంచె పట్టినవాడు తనకు తెలిసినది గీస్తాడు; తీసేవాడికే తెలియనిది పలకమీదికి వచ్చిందంటే అది బయటి ప్రపంచంనుంచి వచ్చిందన్నమాట. సాక్షులు, అక్కడికక్కడే కడిగిన పలకలు, గోడమీది కొలతలు, వాటిపై ఎవరూ కోరుకోని ఒక లోపం: ఈ నాలుగూ కలిసి 1877లో లేని నమ్మకాన్ని 1878లో ఇచ్చాయి.

నాలుగు రోజుల తరువాతి తేదీతో వచ్చిన అట్టమీది అంకెలు పరస్పరం పొసగుతాయో లేదో మనమూ చూడవచ్చు. మైలుకు వంద సెకన్లంటే సెకనుకు దాదాపు 53 అడుగులు, గంటకు సుమారు 58 కిలోమీటర్లు. ఆ వేగంలో 27 అంగుళాలు దాటడానికి సెకనులో దాదాపు ఇరవై నాలుగవ వంతు పడుతుంది. అట్ట చెప్పిన ఇరవై అయిదవ వంతుకు ఇది దగ్గరే. ఒక్కో చిత్రానికి వెలుగు సోకిన వ్యవధి సెకనులో రెండువేలవ వంతుకన్న తక్కువ అని కూడా అట్టమీద ఉంది. అంత వ్యవధిలో గుర్రం శరీరం సెంటీమీటరు కూడా జరగదు. ఇలా ఎవరైనా సరిచూసుకోగల అంకెలను చిత్రంతోపాటే ఇవ్వడం కూడా నమ్మకం కలిగించే పద్ధతిలో భాగమే.

1878 అక్టోబరు 19న సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఈ చిత్రాల ఆధారంగా చెక్కిన బొమ్మలను ముఖపత్రంమీద వేసింది. డిసెంబరులో ప్యారిస్ పత్రిక లా నాచుర్ ప్రచురించింది. వాటిని చూసి మారే ఎంతో ఉత్సాహంతో ఆ పత్రికకు లేఖ రాశాడు. చెవి లెక్కకు కంటి సాక్ష్యం అలా తోడైంది.

చిత్రకారుల పేచీ

శాస్త్రవేత్తలు సంతోషించినంత సులువుగా చిత్రకారులు ఒప్పుకోలేదు. ఫ్రెంచి చిత్రకారుడు మైసోనియే గుర్రాల కదలికను గ్రహించడం కోసం తన ఆవరణలో చిన్న పట్టాలు వేయించుకొని, పరుగెత్తే గుర్రం పక్కనే బండిలో సాగుతూ చూసినవాడు. 1881లో మైబ్రిడ్జ్ ప్యారిస్ వెళ్ళినప్పుడు తన చిత్రశాలలోనే అతని ప్రదర్శన ఏర్పాటు చేసి ప్రముఖులను పిలిచాడు. డెగా తరువాతి కాలంలో మైబ్రిడ్జ్ చిత్రాలు చూసి గుర్రాల రేఖాచిత్రాలు గీశాడు.

శిల్పి రోడాన్ ఎదురు తిరిగాడు. 1911లో అచ్చయిన సంభాషణల్లో ఆయన వాదన ఇది: ఫోటోలో గుర్రం గాలిలో గడ్డకట్టినట్టుంటుంది, ఎందుకంటే అక్కడ కాలం ఆగిపోయింది, లోకంలో కాలం ఆగదు. జెరికో గుర్రాన్ని చూసేవాడి కన్ను ముందు వెనకకాళ్ళ తోపును, ఆ తరువాత ముందుకాళ్ళ సాగుదలను వరుసగా చదువుకుంటుంది; కాబట్టి నిజం చెప్పేది చిత్రకారుడే.

ఈ వాదనను తేలిగ్గా తోసివేయలేం. ముడుచుకున్న కాళ్ళతో గాలిలో ఉన్న గుర్రం ఒక్కటే చిత్రం చూస్తే అది పరుగెడుతున్నట్టు అనిపించదు. పదకొండు చిత్రాలూ వరుసగా చూసినప్పుడే పరుగు అర్థమవుతుంది. మైబ్రిడ్జ్‌కు కూడా ఇది తెలుసు. 1879లో జూప్రాక్సిస్కోప్ అనే యంత్రం చేసి, తిరిగే గాజుచక్రంమీది బొమ్మలను తెరపై వేసి గుర్రాన్ని మళ్ళీ పరుగెత్తించాడు. ఆ చక్రాలమీద ఉన్నవి ఫోటోల ఆధారంగా చేతితో వేసిన బొమ్మలు. యంత్రం తిరిగేటప్పుడు ఆకారాలు కుదించుకుపోయి కనిపిస్తాయి గనక వాటిని కావాలనే పొడుగ్గా సాగదీసి గీశారు. కుంచెను కాదని తెచ్చిన సాక్ష్యం తెరమీద కదలడానికి మళ్ళీ కుంచె సాయమే కావలసి వచ్చింది.

ముఖపత్రంమీద లేని పేరు

1882 మార్చి 13న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో యువరాజు సమక్షంలో మైబ్రిడ్జ్ ఉపన్యసించాడు. అతని పరిశోధన వ్యాసాన్ని ప్రచురించడానికి రాయల్ సొసైటీ సిద్ధపడింది. అదే ఏడాది బోస్టన్‌లో గుర్రపు చలనంమీద ఒక పెద్ద పుస్తకం వెలువడింది. రచయిత స్టాన్‌ఫర్డ్ స్నేహితుడైన డాక్టర్ స్టిల్‌మన్. ముఖపత్రంమీద పోషకుడిగా స్టాన్‌ఫర్డ్ పేరు ఉంది. మైబ్రిడ్జ్ పేరు లేదు. లోపలి పుటల్లో అతడు పనికి కుదుర్చుకున్న ఒక ఫోటోగ్రాఫరుగా మాత్రమే కనిపిస్తాడు. పుస్తకంలోని పటాల్లో చాలా భాగం అతని ఫోటోలనుంచి గీసిన బొమ్మలే. ఆ పుస్తకం చూసిన రాయల్ సొసైటీ తన మాటను వెనక్కు తీసుకుంది. మైబ్రిడ్జ్ స్టాన్‌ఫర్డ్‌మీద దావా వేసి ఓడిపోయాడు.

సాక్ష్యం ఎవరిదన్న ప్రశ్నకు న్యాయస్థానం తీర్పుతో జవాబు దొరకదు. ఆలోచన స్టాన్‌ఫర్డ్‌ది, డబ్బూ ఆయనదే. విద్యుత్ అమరికలో ఇంజనీరు పాలుంది. జాకీ డామ్, బండి తోలిన మార్విన్ పరుగును నడిపించారు. అయినా దుప్పట్ల తెరనుంచి తెల్లగోడ దాకా ఆరేళ్ళు విఫలమవుతూ నేర్చుకున్నది మైబ్రిడ్జ్. 1879 మార్చిలో ఈ పద్ధతికి పేటెంట్లు పొందినదీ అతడే. తరువాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆశ్రయంలో పనిచేసి 1887లో 781 పటాల మహా సంపుటం ప్రచురించాడు. 1904లో తాను పుట్టిన కింగ్‌స్టన్‌లోనే మరణించాడు.

ఆ సంపుటం విషయంలో కూడా తరువాతి పరిశోధకులు ఒక సంగతి గమనించారు. కొన్ని పటాల్లో వరుస కచ్చితంగా ఒకే చలనానిది కాదు. పాడైన చిత్రం స్థానంలో మరొకటి చేర్చినవీ, క్రమం సర్దినవీ ఉన్నాయి.

మళ్ళీ ఆ చిత్రం దగ్గరికి

మొదట చెప్పిన పన్నెండవ చిత్రాన్ని ఇప్పుడు మరొకసారి చూద్దాం. పదకొండవ చిత్రంలో గుర్రం సెకనుకు 53 అడుగుల వేగంతో వెళుతోంది. ఇరవై అయిదవ వంతు సెకను తరువాత అది నిలబడి ఉండటం అసాధ్యం. ఆ చిత్రం విడిగా తీసి చేర్చినదే. దాన్ని మోసమని అనడం అన్యాయం. పరుగులోని వింత భంగిమలు ఈ గుర్రానివేనని పోల్చుకోవడానికి మనకు తెలిసిన ఆకారం ఒకటి పక్కన ఉంటే మంచిది. కానీ ఆ సంగతి మనం గ్రహించినది మొదట అట్ట ఇచ్చిన కొలతలవల్లనే. తనలోని కూర్పును కూడా పట్టుకునే సాధనాన్ని ఆ అట్టే చూసేవాడి చేతికిచ్చింది.

ఆ గుర్రాలశాల ఉన్న నేలమీదనే స్టాన్‌ఫర్డ్ దంపతులు తమ ఏకైక పుత్రుడి మరణానంతరం 1885లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఇప్పటికీ అక్కడివారు ఆ ప్రాంగణాన్ని ముద్దుగా ‘ఫార్మ్’ అంటారు. పాత ఎర్ర గుర్రపుశాల నిలిచే ఉంది, మైబ్రిడ్జ్ ప్రయోగాలను గుర్తుచేసే ఫలకం ఉంది. చదువుకోసమో ఉద్యోగంకోసమో వచ్చిన తెలుగువారు ఎందరో ఆ దారిన నడుస్తుంటారు. ఆ చుట్టుపక్కల కార్యాలయాల్లోనే నేడు లేని గుర్రాన్ని ఉన్నట్టు, ఉన్న మనిషిని లేనట్టు చూపగల యంత్రాలు తయారవుతున్నాయి. తెగిన జీనుపట్టీని కూడా అడిగిన వెంటనే చేర్చగలవు. 1878లో పలకను గట్టెక్కించిన నాలుగింటిలో అనుకోని లోపానికి ఇక విలువ లేదు. మిగిలినవి మూడు: ఎవరి ఎదుట తీశారు, ఎక్కడ కడిగారు, కొలతలు ఏమిటి. చేతిలోకి వచ్చిన ప్రతి చిత్రాన్నీ ఈ మూడూ అడగవలసిన కాలం మళ్ళీ వచ్చింది.

ఇంటర్నెట్‌లో శాలీ గార్డ్‌నర్ ఎడతెగకుండా పరుగెడుతూ కనిపిస్తుంది. పరుగు తెగకూడదు గనక సాధారణంగా ఆ కూర్పులో పన్నెండవ చిత్రాన్ని తీసివేస్తారు. వీలైతే అట్ట మొత్తాన్ని ఒకసారి చూడండి. మూడవ వరుస చివర ఆ గుర్రం నాలుగు కాళ్ళమీదా నిలబడి ఉంటుంది.